"సహకరించలేదు" అని మూసేసిన ఫైలు: ఒక గృహహింస కేసు, పాల స్లిప్పులు

స్టేషన్ల నుంచి మా దగ్గరికి వచ్చే ఫైళ్ళలో ఆఖరి కాగితం మీద తరచూ కనిపించే ముక్క ఒకటుంది: "ఫిర్యాదిదారు సహకరించనందున పిటిషన్ మూసివేయడమైనది." నేను కుటుంబ కౌన్సెలర్‌ని. చిత్తూరు, తిరుపతి వైపు పదకొండేళ్ళుగా పోలీసులు పంపే భార్యాభర్తల పిటిషన్లు చూస్తున్నాను, అందులో చాలా ఏళ్ళు ఆ ముక్కను నేనూ నమ్మాను. ఆమె రాలేదు, ఫోన్ ఎత్తలేదు, ఒకసారి వచ్చి కేసు వద్దని చెప్పి పోయింది, ఇంక మనమేం చేస్తాం అనుకునేదాన్ని. ఈ కేసు తర్వాత అలా అనుకోవడం నా వల్ల కావడం లేదు.

ఆమెను గౌరి అంటాను, అసలు పేరు కాదు. ఊరు, తేదీలు, పిల్లల సంగతులు, పశువుల లెక్క మార్చాను. రాసింది ఆమెకు చదివి వినిపించి, తీసేయమన్నవి తీసేశాను.

తల్లీ ఆమే, ఆడబిడ్డా ఆమే

గౌరికి ముప్పై దాటలేదు. జిల్లాలో పడమటి వైపు చిన్న పల్లె, రెండు ఆవులు, భర్తకు బాడుగ ఆటో. పెళ్ళయి తొమ్మిదేళ్ళు. చేసుకుంది మేనమామనే, అంటే వాళ్ళమ్మకు సొంత తమ్ముణ్ణి. అత్త ఎవరంటే ఆమె అవ్వే, తల్లిని కన్న తల్లి. మన వైపు ఇది వింత కాదు, అయినా ఫైల్లో ఎక్కడా లేదు. "వివాహిత, ఇద్దరు పిల్లలు" అని మాత్రం ఉంది. మొదటిసారి మాట్లాడినప్పుడు నేనూ అడగలేదు. ఆమె "మా మామ కొట్టినాడు" అంటుంటే మామగారు అనుకొని రాసుకుంటూ పోయాను, అరగంట తర్వాత గానీ భర్త గురించి చెబుతోందని అర్థం కాలేదు.

ఇది చిన్న విషయం కాదు. పోలీసులైనా మేమైనా ఇచ్చే ప్రతి సలహా వెనకా ఒక ధైర్యం ఉంటుంది, మరీ కష్టమైతే పుట్టింటికి పోతుందిలే అని. గౌరికి పుట్టిల్లు మూడు కిలోమీటర్ల దూరంలోనే ఉంది గానీ అక్కడ తలుపు తీసేది తల్లి మాత్రమే కాదు, ఆడబిడ్డ కూడా. తమ్ముణ్ణి చంకనేసుకొని పెంచిన మనిషి. గౌరి కేసు పెడితే ఆ తల్లి ఏకకాలంలో బాధితురాలి తల్లీ, ముద్దాయి అక్కా అవుతుంది. ఈ ఒక్క సంగతి మొదటి రోజే తెలిసుంటే తర్వాత చేసిన తప్పుల్లో సగం చేసేవాళ్ళం కాదు.

మూడు పిటిషన్లు

పద్నాలుగు నెలల్లో ఆమె పేరు మీద మూడు కాగితాలున్నాయి. మొదటిది, పక్కింటివాళ్ళు 112కి ఫోన్ చేస్తే వచ్చిన పోలీసులు రాసుకున్నది. రెండోది, ఆమే బస్సెక్కి స్టేషన్‌కు పోయి ఇచ్చింది. ఈ రెండూ వారం తిరక్కుండానే మూతపడ్డాయి. మూడోసారి కుడిచేతి చూపుడువేలు విరిగి వచ్చింది. గొడవంతా పాల డబ్బుల దగ్గరే. పొద్దున, సాయంత్రం ఆవులు పిండి పాలకేంద్రానికి మోసేది ఆమె, పదిహేను రోజులకోసారి బిల్లు పడేది మాత్రం భర్త అకౌంట్‌లో. పిల్లల ఫీజుకు అడిగినప్పుడల్లా దెబ్బలు.

మూడుసార్లు వచ్చి మూడుసార్లూ తగ్గిన మనిషి మీద స్టేషన్‌లో విసుగు వస్తుంది, కాదనను. కానీ అటువైపు నుంచి చూడండి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం శారీరక లేదా లైంగిక హింస పడ్డ స్త్రీలలో ఎవరో ఒకరి సాయం కోరినవాళ్ళు 14 శాతం. అందులోనూ ఎక్కువమంది అడిగేది సొంతవాళ్ళనే, పోలీసుల దాకా వచ్చేవాళ్ళు కొద్దిమంది. ఆ లెక్కన గౌరి మిగతా చాలామంది కంటే ఎక్కువగా సహకరించిన మనిషి. ఆ మాట మా ఫైల్లో ఎవరమూ రాయలేదు.

నేను చేసిన తప్పు

మూడో పిటిషన్ మీద ఇద్దరినీ పిలిచి కూర్చోబెట్టాను. నా ఆలోచన అప్పుడు ఇలా ఉంది: ఆమె విడిపోతానని అనడం లేదు, మారాలి అంటోంది, ఇల్లంతా ఒకే కుటుంబం, పెద్దవాళ్ళ ముందు మాట ఇస్తే అతనికి కట్టడి ఉంటుంది. తల్లి వచ్చింది, ఊరి పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. భర్త ఏడ్చాడు. తాగనని, చెయ్యెత్తనని కాగితం మీద సంతకం పెట్టాడు. గౌరి అతని పక్క కుర్చీలోనే కూర్చుంది, కట్టు కట్టిన వేలు కొంగులో దాచుకొని. "నీకు సమ్మతమేనా?" అని అడిగాను. తలూపింది. నేను దాన్ని సమ్మతం అని రాసుకున్నాను.

గృహహింస చట్టం కింద 2006లో వచ్చిన నిబంధనల్లో కౌన్సెలింగ్ ఎలా చేయాలో స్పష్టంగా ఉంది. హింసకు సాకులు చెప్పుకోవడానికి అతనికి అవకాశం ఇవ్వకూడదు, ఆమె కోరితేనే రాజీ దాకా పోవాలి. నాకు తెలియనివి కావు. అయినా ఆ రోజు గంటసేపు అతను ఆటో అప్పుల గురించి, ఆమె నోటి దురుసు గురించి చెప్పుకుంటూ పోతుంటే వింటూ కూర్చున్నాను. అన్నిటికంటే పెద్ద తప్పు, ఆమెతో ఒంటరిగా పది నిమిషాలు కూడా మాట్లాడకపోవడం.

తొమ్మిది రోజుల తర్వాత ఎలా ఉందో కనుక్కుందామని ఫోన్ చేశాను. అతనెత్తి ఆమెకిచ్చాడు. గొంతు బొంగురుగా ఉంది. "జలుబా?" అన్నాను. "ఊఁ" అంది. ఫైల్లో "పరిస్థితి బాగుంది" అని రాశాను.

అది జలుబు కాదు. అంతకు రెండు రోజుల ముందు రాత్రి అతను ఆమె గొంతు పట్టుకొని గోడకు అదిమాడు, కళ్ళు బైర్లు కమ్మి కాసేపు ఆమెకు ఏమీ తెలియలేదు. నాకు ఈ సంగతి తెలిసింది రెండు నెలల తర్వాత. గొంతు నులిమినప్పుడు చాలాసార్లు బయటికి గుర్తులే కనబడవు. గొంతు మారడం, మింగలేకపోవడం, కళ్ళలో ఎర్రని చుక్కలు, స్పృహ తప్పడం, వీటి గురించి విడివిడిగా అడిగితేనే బయటపడుతుంది. అమెరికాలో నాన్సీ గ్లాస్, ఇంకొందరు 2008లో ప్రచురించిన పరిశోధనలో, అంతకు ముందు ఒకసారి గొంతు నులమబడ్డ స్త్రీలు తర్వాత భాగస్వామి చేతిలో హత్యకు గురయ్యే అవకాశం దాదాపు ఏడు రెట్లు ఎక్కువని తేలింది. ఇప్పుడు ప్రతి ఆడమనిషినీ ఆ ప్రశ్న నేరుగా అడుగుతాను, "ఎప్పుడైనా గొంతు పట్టుకున్నాడా?" అని. "కొట్టాడా" అంటే చాలామంది కాదంటారు, ఎందుకంటే వాళ్ళ లెక్కలో గొంతు పట్టుకోవడం కొట్టడం కాదు.

అరెస్ట్ చేస్తే సరిపోతుందా

ఆ మధ్యలో స్టేషన్‌కు కొత్తగా ఒక మహిళా ఎస్‌ఐ వచ్చారు. నిజాయితీ గల మనిషి. పాత ఫైళ్ళు తిరగేసి గౌరిని పిలిపించారు. భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్ కింద, అంటే పాత 498ఏ కింద, ఎఫ్‌ఐఆర్ కడదాం, నువ్వు గట్టిగా నిలబడాలి అన్నారు. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల లోపు ప్రాథమిక విచారణ చేసే వీలు, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో ఉంది కాబట్టి ముందు అది మొదలైంది. భర్తకు కబురు పోయింది. అతను పెద్దమనుషుల్ని వెంటబెట్టుకొని వచ్చి, సాయంత్రానికి ఇంటికి పోయాడు. గౌరీ అదే ఇంటికి పోయింది. నాలుగో రోజు తల్లిని తీసుకొచ్చి, మెట్ల మీద జారి పడినానని, కేసు వద్దని చెప్పింది. ఆ తల్లి మాట నాకింకా చెవుల్లో ఉంది: "వాడు నా తమ్ముడమ్మా, ఇది నా బిడ్డ. యాడికని పోయేది నేను?"

ఎస్‌ఐ గారికి చాలా బాధేసింది. "ఆమే వద్దంటే నేనేం చేసేది మేడం?" అన్నారు. ఆ రోజు మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం, నేను చదివినవి ఆమెకు చెప్పాను. అమెరికాలో మినియాపొలిస్ నగరంలో 1981-82లో లారెన్స్ షెర్మన్, రిచర్డ్ బెర్క్ ఒక ప్రయోగం చేశారు. ఇంట్లో కొట్టాడని ఫోన్ వచ్చినప్పుడు అరెస్ట్ చేయాలా, సర్ది చెప్పాలా, కాసేపు బయటికి పంపాలా అన్నది పోలీసుల ఇష్టానికి వదలకుండా లాటరీ మీద నిర్ణయించారు. అరెస్టైనవాళ్ళు ఆరు నెలల్లో మళ్ళీ కొట్టడం తక్కువగా కనిపించింది. 1984లో ఆ ఫలితం వచ్చాక అక్కడ చాలా రాష్ట్రాలు అరెస్ట్‌కే మొగ్గాయి. కానీ తర్వాత వేరే నగరాల్లో అదే ప్రయోగం చేస్తే ఒక్కోచోట ఒక్కోలా తేలింది. మిల్వాకీలో పని లేని మగవాళ్ళ విషయంలో అరెస్ట్ తర్వాత హింస పెరిగింది కూడా. పోగొట్టుకునేదేమీ లేనివాడికి అరెస్ట్ పరువు నష్టం కాదు, ఆమె మీద కసి మాత్రమే అని నేను దాన్ని అర్థం చేసుకున్నాను.

నాకు ఇంకా పనికొచ్చింది డేవిడ్ ఫోర్డ్ అనే ఆయన 1991లో రాసిన వ్యాసం. కేసు పెట్టి వెనక్కి తీసుకునే స్త్రీలు చపలచిత్తులని అందరూ అనుకుంటుంటే, ఆయన వాళ్ళనే అడిగి, చాలామందికి కేసు అనేది బేరానికి ఉన్న ఒకే ఒక్క ఆయుధమని చెప్పారు. కొట్టడం ఆపడం, ఇల్లు ఖాళీ చేయడం, డబ్బులివ్వడం, ఏది సాధించుకోవాలని వచ్చారో అది జరిగితే కేసుతో వాళ్ళకు పని లేదు. ఇండియానాపొలిస్‌లో జరిగిన ఒక ప్రయోగంలో, కేసు వెనక్కి తీసుకునే వీలుండి కూడా తీసుకోకుండా నిలబడ్డ స్త్రీలే ఎక్కువ భద్రంగా ఉన్నట్టు తేలింది. నిలబడమని వాళ్ళను ఎవరూ బలవంతపెట్టలేదు, అది వాళ్ళు ఎంచుకున్నది.

దేశాలు వేరు, కుటుంబాలు వేరు, నిజమే. కానీ ఇది చదివాక మా ఇద్దరికీ ఒకటే ప్రశ్న మిగిలింది. గౌరికి ఏం కావాలో మనం ఎప్పుడైనా అడిగామా? మూడు ఫైళ్ళలోనూ "కేసు కావాలా వద్దా" అన్న ప్రశ్నకు జవాబే ఉంది.

పొద్దున ఆరుంబావు, పాలకేంద్రం

ఆమెను ఒంటరిగా కలవడమే పెద్ద సమస్య. స్టేషన్‌లో ఇచ్చిన నంబర్ భర్తది. స్టేషన్ రైటర్ ఎన్నిసార్లు చేసినా అతనే ఎత్తేవాడు, చేసిన ప్రతిసారీ ఆ రాత్రి ఆమెకు గండమే. మేము "ఫోన్‌కు స్పందించలేదు" అని రాసుకున్న తేదీల వెనక ఏం జరిగిందో తర్వాత ఆమె చెబుతుంటే నాకు నోట మాట రాలేదు.

దారి చూపింది ఆ ఊరి సచివాలయంలో పనిచేసే మహిళా పోలీస్ అమ్మాయి. ఆమె రోజూ చూస్తున్నదే చెప్పింది: గౌరి ఇంట్లోంచి ఒక్కతే బయటికొచ్చేది రోజుకు రెండుసార్లు, పాలు పోయడానికి. పొద్దున ఆరుంబావుకు క్యాను తీసుకొని వస్తుంది, ఫ్యాట్ చూసి స్లిప్పు ఇచ్చేదాకా ఇరవై నిమిషాలు వరసలో ఉంటుంది. ఆ ఇరవై నిమిషాలు ఎవరూ అనుమానించరు. పాలు కొలిచే ఆమెకు చెబుదామా వద్దా అని రెండు రోజులు తర్జనభర్జన పడ్డాం. ఒక్క మాట బయటికి పొక్కితే ఆమె ప్రాణానికే ముప్పు. చివరికి ఎవరికీ ఏమీ చెప్పకుండా, మహిళా పోలీస్ అమ్మాయే వేరే పని మీద వచ్చినట్టు అక్కడ నిలబడేలా అనుకున్నాం. యూనిఫాం లేకుండా, జీపు లేకుండా. నేను నాలుగో రోజు పోయాను.

కేంద్రం వెనక సిమెంటు తొట్టి దగ్గర గౌరి క్యాను కడుగుతోంది. మూడే అడిగాను. నీకేం జరగాలి, నీ భయమేంది, నీతో ఎప్పుడు మాట్లాడొచ్చు. తలెత్తకుండానే చెప్పింది. "రాత్రిపూట ఆయన ఆ ఇంట్లో ఉండకూడదు మేడం. పాలబిల్లు నా అకౌంట్‌లో పడాల. జైలంటే మా అమ్మ నాతో మాట్లాడదు, నాకు ఇంకెవురుండారు?" అంతే. పద్నాలుగు నెలలుగా మేమెవరం రాబట్టలేని జవాబు క్యాను కడిగేలోపు ఇచ్చేసింది. గొంతు పట్టుకున్న సంగతి కూడా ఆ రోజే చెప్పింది.

జైలు అక్కర్లేదు, అతను ఇంట్లో ఉండకూడదు అంటే 2005 గృహహింస చట్టమే దారి. 18వ సెక్షన్ కింద రక్షణ ఉత్తర్వు, 19వ సెక్షన్ కింద అతన్ని ఇల్లు ఖాళీ చేయించే నివాస ఉత్తర్వు, 20వ సెక్షన్ కింద డబ్బు. అత్యవసరమైతే 23వ సెక్షన్ కింద అవతలివాళ్ళు రాకముందే మధ్యంతర ఉత్తర్వు అడగొచ్చు. ఇల్లు ఖాళీ చేయమనే ఉత్తర్వు ఆడవాళ్ళ మీద ఇవ్వడానికి లేదు కాబట్టి అవ్వ ఇంట్లోనే ఉంటుంది, అది గౌరికి మనశ్శాంతి. ఇంకో వెసులుబాటు 12వ సెక్షన్‌లో ఉంది: ఆమె తరఫున ప్రొటెక్షన్ ఆఫీసరే, అంటే ఈ చట్టం కింద ప్రభుత్వం నియమించే అధికారే, మేజిస్ట్రేట్ దగ్గర దరఖాస్తు వేయొచ్చు. దీని విలువ తల్లి విషయంలో తెలిసింది. "నేను కాదమ్మా, ఆఫీసర్లే వేసినారు" అని చెప్పుకోవడానికి ఆమెకు ఒక మాట దొరికింది.

గొంతు నులిమినదాని మీద మాత్రం నాకు నిద్ర పట్టలేదు. అది తీవ్రమైన నేరం, వెంటనే ఎఫ్‌ఐఆర్ కావాలన్నది నా పట్టుదల. ఆమె ససేమిరా అంది. రెండు నెలలైపోయింది, డాక్టర్‌కు కనిపించే గుర్తేమీ మిగల్లేదు. బలవంతపెడితే ఆమె మళ్ళీ మా నుంచి జారిపోతుంది, వదిలేస్తే ప్రాణానికే ముప్పు. చివరికి ముప్పు ఎంతటిదో దాచకుండా చెప్పి, జరిగింది డీఐఆర్‌లో, అంటే గృహహింస చట్టం కింద రాసే సంఘటన నివేదికలో, పూర్తిగా రాయించి, ఎప్పుడంటే అప్పుడు ఎఫ్‌ఐఆర్ కడతామని ఎస్‌ఐ గారి చేతే చెప్పించాం. సరైన నిర్ణయమేనా అంటే, ఆ వారాలు ఏమీ జరగలేదు కాబట్టి ఇప్పుడు సరైనదిలా కనిపిస్తోంది.

డీఐఆర్‌కు తేదీలు కావాలి. ఆమెకు డైరీ లేదు. మరుసటి రోజు రవిక గుడ్డతో కుట్టిన చిన్న సంచి తెచ్చింది, దాన్నిండా పాల స్లిప్పులు. బిల్లు సరిచూసుకోవడానికి దాచుకున్నవి. తేదీ, పూట, లీటర్లు, ఫ్యాట్, రేటు. కొన్నిటి వెనక బాల్‌పెన్నుతో చిన్న ఇంటూ గుర్తు. కొట్టిన రోజులు. కొన్నిటికి రెండు గుర్తులు. ముందువైపు తిప్పి చూస్తే ఇంకొకటి కనిపించింది, ఇంటూ గుర్తు పెట్టిన రోజు తర్వాతి పూట పాలు లీటరు, లీటరున్నర తక్కువ. "చెయ్యి నొప్పని మా అవ్వ పిండేది మేడం, ఆవు ఆమెకు సరిగా చేపదు" అంది. వేలు విరిగిన వారమంతా పాలు తగ్గే ఉన్నాయి. ఆ స్లిప్పులన్నీ నేల మీద తేదీల వరసలో పరిచి, ప్రొటెక్షన్ ఆఫీసర్ ఒక్కొక్కటే రాసుకున్నారు. ఆ పని పూర్తయ్యేసరికి మధ్యాహ్నం రెండు దాటింది, ఎవరమూ అన్నం మాట ఎత్తలేదు.

ఉత్తర్వు, దాని తర్వాత

మొదటి వాయిదా మామూలుగా 3 రోజుల్లో పడాలని చట్టం చెబుతుంది, మాకు పందొమ్మిది రోజులు పట్టింది. మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. నోటీసు అతని చేతికందే రోజే అన్నిటికంటే ప్రమాదమని మాకు భయం, ఆమె చేయి దాటిపోతోందని అతనికి అర్థమయ్యేది ఆ రోజే కదా. అందుకే ఆ రోజు ఎప్పుడన్నది గౌరికి ముందే చెప్పాం, బీటు కానిస్టేబుల్ ఆ సాయంత్రం, తర్వాత నాలుగు సాయంత్రాలు ఆ వీధిలో తిరిగాడు. అతను అన్న ఇంటికి మారాడు. పాలకేంద్రంలో సభ్యత్వం గౌరి పేరుకు మార్చడానికి మాత్రం ఉత్తర్వుకంటే ఎక్కువ తిరగాల్సి వచ్చింది.

ఏడో వారం ఒక రాత్రి అతను తాగి వచ్చి కొట్టంలో ఆమె జుట్టు పట్టుకున్నాడు. ఈసారి 112కి ఫోన్ చేసింది పక్కింటివాళ్ళు కాదు, గౌరే. రక్షణ ఉత్తర్వు ఉల్లంఘిస్తే 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, అది బెయిలు హక్కు లేని నేరం. పాత సంగతులన్నిటితో కలిపి ఎఫ్‌ఐఆర్ అయింది, అతను అరెస్టయ్యాడు. వాంగ్మూలంలో గొంతు పట్టుకున్నది తనంతట తానే చెప్పింది. ఎస్‌ఐ గారు "నిలబడతావా?" అని అడగలేదు. కేసులో ఒక్కో మెట్టు ఎప్పుడొస్తుందో, అతను బెయిలు మీద బయటికొచ్చే రోజు ఎవరు కబురు చెబుతారో చెప్పారు. ఆమెకు కావాల్సింది అదే.

మధ్యప్రదేశ్‌లో 180 స్టేషన్లతో చేసిన ఒక పెద్ద అధ్యయనం 2022లో వచ్చింది, సుఖ్తంకర్, క్రుక్స్ విస్నర్, మంగ్లా అనే ముగ్గురు పరిశోధకులది. మహిళా సహాయ డెస్కులు పెట్టిన స్టేషన్లలో డీఐఆర్‌లు, ఎఫ్‌ఐఆర్‌లు నమోదవడం పెరిగింది, ఎఫ్‌ఐఆర్‌ల పెరుగుదల ముఖ్యంగా మహిళా అధికారులు నడిపిన డెస్కుల్లో కనిపించింది. మా ఎస్‌ఐ గారిని చూశాక నేనది నమ్ముతాను. కానీ నమోదైన మర్నాడు ఆ మనిషితో ఎవరు, ఏ నంబర్‌కు, ఏ టైములో మాట్లాడతారన్నది ఎవరో ఒకరు పట్టించుకోకపోతే నమోదైనదీ మూతపడుతుంది. గౌరి విషయంలో మూడుసార్లు జరిగింది అదే. ఇప్పుడు నా దగ్గర ప్రతి ఫైలు మొదటి పేజీలో ఫోన్ నంబర్ పక్కన "ఈ ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది" అని రాస్తాను, దాని కింద "ఏ వేళ, ఎక్కడ కలవొచ్చు" అని. బంధుత్వం కూడా రాస్తాను, మేనరికమా, బయటి సంబంధమా, పుట్టింట్లో తలుపు తీసేదెవరు అని. కేసు వద్దన్న ప్రతిసారీ ఎందుకు వద్దన్నదో ఆమె మాటల్లోనే రాయమని స్టేషన్‌లో అడుగుతున్నాను. కొందరు రాస్తున్నారు.

కేసు ఇంకా విచారణకు రాలేదు. తల్లి నాలుగు నెలలు మాట్లాడలేదు. మొన్న సంక్రాంతికి వచ్చి, ఆ ఇంట్లో రెండు రోజులుండి, పోయేటప్పుడు మనవరాలి చేతిలో డబ్బులు పెట్టి పోయిందట. సాక్షుల జాబితాలో ఆమె పేరుంది. వచ్చి చెబుతుందో లేదో గౌరి ఇప్పటికీ అడగలేదు, మమ్మల్నీ అడగొద్దంది. మేము అడగడం లేదు.